గర్భిణులకు కల్చర్ పరీక్ష ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

నేను పొదలకూరులో మిషను కుట్టుకుంటాను. మా పెద్దమ్మాయి తొలి కాన్పుకని ఏడో నెలలో ఇంటికొచ్చింది. మే నెల ఎండలు. నడుముకు ఒక పక్క లాగుతోందమ్మా అంటే, వేడి చేసిందిలే అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పలచటి మజ్జిగ తాగించాను. పక్కింటావిడైతే మామిడిపండ్లు మాన్పించమంది. మూడో రోజు రాత్రి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. అప్పటికప్పుడు ఆటోలో నెల్లూరు తీసుకుపోతే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు. ఐదు రోజులు ఇంజెక్షన్లు ఎక్కించారు. ఇప్పుడు తొమ్మిదో నెల, బాగానే ఉంది.

‘అత్తగారి ఊళ్లో నెలనెలా మూత్రం ఇచ్చింది కదమ్మా, కార్డులో అన్నీ నార్మలనే రాశారే’ అని డాక్టరమ్మను అడిగాను. ఆ పరీక్షలో చూసింది షుగరు, ప్రోటీనేనట. బ్యాక్టీరియా ఉందో లేదో తేలాలంటే కల్చర్ చేయాలి, అంటే మూత్రాన్ని ల్యాబులో ఉంచి బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడాలి. గర్భిణుల్లో నూటికి 2 నుంచి 10 మందికి మంటా నొప్పీ ఏమీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుందట. కడుపుతో ఉన్నప్పుడు మూత్రనాళాలు వదులవుతాయి, పైనుంచి గర్భసంచి నొక్కుతుంది. మూత్రం నిలవుండి బ్యాక్టీరియా పెరుగుతుంది. మొదట్లోనే పట్టుకుంటే వారం రోజుల మాత్రలతో పోతుంది. ముదిరితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చన్నారు. నా మజ్జిగ వైద్యం తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. పైగా బాత్‌రూం లేని నా కొట్లో కూర్చుని, వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగేది కాదు పిల్ల.

ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను ఉచితంగా చూస్తున్నారు కదా. మూడో నెలో నాలుగో నెలో ఉన్నవాళ్లకు ఆ రోజే కల్చర్‌కు శాంపిల్ తీసుకోవచ్చు. టీకాలకు ఉన్నట్టే శాంపిళ్లకూ ఒక ఐస్ డబ్బా పెట్టి సాయంత్రానికి నెల్లూరు పంపితే చాలు. మాకైతే గంట ప్రయాణం. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పొచ్చు. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలని కూడా డబ్బా చేతికిచ్చేటప్పుడే చెప్పాలి. మా అమ్మాయికి ఆ మాట చెప్పింది నెల్లూరులో, అదీ మంచాన పడ్డాక.

– ఒక తల్లి, పొదలకూరు, నెల్లూరు జిల్లా