మా నీళ్ల బండికి చేయి వేసిన వారందరికీ

మార్చి 9వ తేదీ రాత్రి మా పక్క ఊళ్లో పొగాకు ఆరబెట్టే ఒక బ్యారన్ అంటుకుంది. లోపలి ఆకు దక్కలేదు. దానికి పదిహేను అడుగుల దూరంలో ఉన్న రెండో బ్యారన్ దక్కింది. దాని వెనకాల తాటాకు పాక, పాకలో కట్టేసిన రెండు పాడి గేదెలు, పాకను ఆనుకుని ఉన్న గడ్డివాము, అన్నీ దక్కాయి. మంటలార్పడానికి ట్రాక్టరు ట్రక్కు మీద ట్యాంకు, పంపు బిగించి మా ఊరివాళ్లం చేసుకున్న నీళ్ల బండి సమయానికి చేరబట్టే. తెల్లవారాక ఆ ఇంటి పెద్దాయన నడుచుకుంటూ మా ఇంటికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, చాలాసేపు మాట రాక నిలబడిపోయారు. ఆయన అలా పట్టుకున్నంతసేపూ నాకు వేరేవాళ్ల చేతులే గుర్తుకొస్తున్నాయి. వెల్డింగు రవ్వలకు మచ్చలు పడిన చేతులు, గ్రీజు పట్టిన చేతులు, పంపు తాడు లాగి లాగి బొబ్బలెక్కిన ఆడవాళ్ల చేతులు. వాళ్లందరికీ నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని చాలామంది అన్నారు. కాబట్టి ఎవరు ఏ పని చేశారో దాన్నిబట్టే చెబుతాను. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

మాది జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ప్రాంతం. వర్జీనియా పొగాకు, జీడిమామిడి, పామాయిల్ మా పంటలు. జనవరిలో పొగాకు రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలైతే ఏప్రిల్ దాకా ఊరి చుట్టూ బ్యారన్లు రాత్రింబవళ్లు మండుతూనే ఉంటాయి. బ్యారన్ ఎరగనివారికోసం ఒక మాట. కర్రలకు అల్లిన ఆకును అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద నేలకు కాస్త ఎత్తులో ఇనుప గొట్టాలు ఉంటాయి. బయటి పొయ్యిలో జామాయిలు కర్ర, సరుగుడు కర్ర మండిస్తే ఆ వేడి గొట్టాల గుండా లోపలికి వెళ్తుంది. ఆకు పసుపు తిరిగి, ఎండి, చివరికి ఈనె ఎండే దశకు వచ్చేసరికి లోపల వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోతుంది. అప్పటికి ఆకు చేత్తో తాకితే పొడి అయిపోతుంది. కింది వరస నుంచి ఒక్క ఆకు జారి గొట్టం మీద పడితే చాలు.

గత ఏడాది ఫిబ్రవరి చివర్లో మా బాబాయిగారి బ్యారన్ అలాగే పోయింది. రాత్రి రెండు గంటలు. పైకప్పు మీదుగా కరెంటు తీగలు ఉన్నాయని లైన్‌మన్‌కు ఫోను చేసి సరఫరా ఆపించాం. అది తప్పనిసరిగా చేయవలసిన పని. అయితే కరెంటు పోగానే బోరు మోటారు కూడా ఆగిపోయింది. నీళ్లు అవసరమైన క్షణంలోనే నీళ్లు ఉండవన్న సంగతి అంతవరకు మాలో ఒక్కరికీ తట్టలేదు. బిందెలు, బకెట్లు అందుకుంటూ ఊరంతా వరసలో నిలబడింది. పక్క చేలో తొట్టి నుంచి బ్యారన్ దగ్గరికి చేరేసరికి బకెట్టులో సగం నీళ్లు ఒలికిపోయేవి. పట్టణం నుంచి అగ్నిమాపక బండి గతుకుల దారిలో వచ్చింది, సిబ్బంది చేయగలిగినదంతా చేశారు, పక్కనున్న కొట్టాన్ని వాళ్లే కాపాడారు. అప్పటికే బ్యారన్ కప్పు కూలిపోయింది. మా పిన్ని ఏడవలేదు. బూడిదలోంచి పైకి కనిపిస్తున్న ఆ ఇనుప గొట్టాల వైపే చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆ ఏడాది వాళ్లమ్మాయి పెళ్లి పెట్టుకున్నారు.

మొదటి కృతజ్ఞత మా బావగారికి. చెల్లెలూ ఆయనా పన్నెండేళ్లుగా ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఉంటున్నారు. అక్కడ పల్లెల్లో మంటలార్పే కంట్రీ ఫైర్ అథారిటీలో ఆయన స్వచ్ఛంద కార్యకర్త. 2009 ఫిబ్రవరి 7న అక్కడ చెలరేగిన కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. ఆ రోజు పనిచేసినవాళ్ల పక్కన నిలబడి ఆయన ఈ విద్య నేర్చుకున్నారు. బాబాయి సంగతి తెలియగానే ఫోను చేసి, "బావగారూ, ఇక్కడ రైతులు ఎండాకాలం రాగానే చిన్న ట్యాంకు, ఇంజను పంపు బండి మీద ఎక్కించి పెట్టుకుంటారు. మన ఊళ్లో ట్రాక్టర్లున్నాయి, వెల్డరున్నాడు. మనమెందుకు చేసుకోకూడదు?" అన్నారు. అక్కడి బండ్లను దగ్గరి నుంచి వీడియోలు తీసి పంపారు. మా పగలు వాళ్ల సాయంత్రం. ఉద్యోగం చేసి ఇంటికి వచ్చిన మనిషి, అన్నం తినకుండానే మాతో గంటలు గంటలు కూర్చున్నారు.

మాకు మొదట ఉన్న ఆలోచన పెద్ద పంపు పెట్టాలని. రెండు అంగుళాల పెట్రోలు పంపు నిమిషానికి దాదాపు 600 లీటర్లు తోడుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాం. బావగారు ఒక్కటే అడిగారు. "ట్యాంకు వెయ్యి లీటర్లదైతే, మూడో నిమిషంలో ఏం చేస్తారు?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మంట దగ్గర నీళ్లు ఎంత ఎక్కువ పోశామన్నదానికంటే ఎంతసేపు పోయగలిగామన్నది ముఖ్యమని అప్పుడు అర్థమైంది.

దారి చూపింది మా మామిడి తోటల మిత్రుడు. మామిడి పూతకు మందు కొట్టే హెచ్‌టీపీ పంపు ఆయన దగ్గర ఉంది. మూడు పిస్టన్లతో పనిచేసే పంపు, ఇంజను, దానితో నూరు మీటర్ల పైపు, చివర ధార కొట్టే గన్. "నీళ్లు తక్కువ ఖర్చవుతాయి, ధార చెట్టు చివరిదాకా కొడుతుంది. ఇదే పెట్టండి" అని బండి సహా తెచ్చి మా వాకిట్లో దింపారు. పురుగు మందు పోసిన పైపులు కదా అని, వాసన పూర్తిగా పోయేదాకా రెండు రోజులు తానే కడిగారు. 20 లీటర్ల బకెట్టులోకి గన్ పెట్టి, ఫోనులో సమయం చూస్తూ కొలిచాం. సరిగ్గా 40 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 30 లీటర్లు, వెయ్యి లీటర్లు అరగంటకు పైగా వస్తాయి. గన్ మూసినా నీళ్లు వేరే పైపు ద్వారా తిరిగి ట్యాంకులోకి వెళ్తాయి కాబట్టి పంపుకు ఇబ్బంది లేదు. రెండు అంగుళాల పంపు కూడా కొన్నాం. దాని పని సంపు నుంచో చెరువు నుంచో ట్యాంకును రెండు మూడు నిమిషాల్లో మళ్లీ నింపడం, గడ్డివాము లాంటిదాన్ని నిలువునా తడపవలసి వచ్చినప్పుడు తడపడం.

ట్యాంకు విషయంలో ఒక పెద్ద పొరపాటు చేయబోయాం. ఇనుప పంజరంలో ఉండే తెల్ల ప్లాస్టిక్ ట్యాంకులు పాత సామాను దుకాణాల్లో దొరుకుతాయి. చవకగా వస్తోందని ఒకటి బేరం కూడా చేశాం. మా పంపుల మెకానిక్ మామయ్య మూత తీసి వాసన చూసి, "ఇందులో ముందు ఏముండేదో చెప్పగలవాళ్లు ఎవరు?" అని అడిగారు. చెప్పేవాళ్లు లేరు. వద్దని వెనక్కి తీసుకొచ్చారు. చివరికి గ్లూకోజు పాకం వచ్చిన ట్యాంకు, చీటీ చిరగకుండా ఉన్నది, మూడు వందల రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నాం. ఎండ తగిలితే లోపల పాచి పట్టి జల్లెడకు అడ్డం పడుతుందని నల్ల టార్పాలిన్ కుట్టించి తొడిగింది కూడా ఆయనే. మరో మేలు కూడా చేశారు. పంపును ట్యాంకు అడుగు కన్నా కిందికి బిగించారు. "నీళ్లు పైన ఉంటే పంపుకు దప్పిక ఉండదు" అన్నారు. అర్ధరాత్రి గాబరాలో పంపులోకి నీళ్లు పోసి గాలి తీసే అవస్థ మాకు లేకుండా చేసిన మాట అది. పైకి తోడేటప్పుడు మాత్రం 7 మీటర్లకన్నా లోతున్న బావి మీద ఆశ పెట్టుకోవద్దని ముందే హెచ్చరించారు. వేసవిలో మా బావులన్నీ అంతకన్నా లోతుకు పోతాయి. అందుకే ఊరి చుట్టూ ఎక్కడెక్కడ సంపులు, తొట్టెలు ఉన్నాయో ఒక కాగితం మీద గీసి బండికి అతికించాం.

ఇక మా వెల్డర్ అన్న. ఆయన గురించి రాయాలంటే నాకు మాటలు చాలవు. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. పాత ట్రాక్టరు ట్రక్కు ఛాసిస్ మీద దాన్ని ఎక్కడ నిలబెట్టాలన్నదే అసలు సమస్య. బరువు ఇరుసుకు వెనక పడితే ట్రాక్టరు వెనక భాగం తేలిపోతుంది. ఆయన షాపు నేల మీద సుద్దతో బండి మొత్తం అసలు కొలతల్లో గీశారు. ట్యాంకు గీత చెరిపి, ఆరంగుళాలు ముందుకు గీసి, దూరంగా వెళ్లి చూసి, మళ్లీ చెరిపి గీశారు. ఒక పూటంతా ఒక్క ఇనుప ముక్క కూడా కోయలేదు. తొందరపెట్టబోయిన మా కుర్రవాళ్లతో, "సుద్ద చెరిపితే పోతుంది బాబూ, ఇనుము పోదు" అన్నారు. బిగింపు అంతా అయ్యాక, పైపు రాసుకునే ప్రతి మూలనూ ఆకురాయితో నున్నగా అరగదీశారు. వేలితో తడిమి, మళ్లీ అరగదీశారు. మొన్న రాత్రి చీకట్లో ఆ పైపును ఎన్నిసార్లు లాగామో లెక్కలేదు, ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు. మజూరీ తీసుకోలేదు. ఇనుము డబ్బు ఇస్తే అందులోంచి కొంత తిరిగి నా జేబులో పెట్టారు.

సగం నిండిన ట్యాంకు మలుపులో ఒక పక్కకు ఊగి బండిని పడేస్తుందని ఆయన, బావగారు ఇద్దరూ విడివిడిగా ఒకే మాట చెప్పారు. అందుకని ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఇచ్చిన పంపు కాకుండా దాదాపు 46 వేలు ఖర్చయింది. అందులో పెద్ద భాగం మా డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు పొదుపు డబ్బులోంచి ఇచ్చారు. ఇవ్వడంతో ఆగలేదు. "మగవాళ్లు పొలాల్లో ఉన్నప్పుడు అంటుకుంటే ఎవరు తిప్పుతారు?" అని ఇంజను నడపడం నేర్చుకున్నారు. పెట్రోలు పాతబడకుండా ప్రతి ఆదివారం ఉదయం ఇంజను తిప్పి చూసే బాధ్యత వాళ్లదే. ఇంతవరకు ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

అగ్నిమాపక కేంద్రం సిబ్బందికి ప్రత్యేక నమస్కారం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు, మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది పదుల సంఖ్యలో ప్రాణాలు వదిలారు. వాళ్ల జ్ఞాపకార్థమే ఏటా ఆ రోజు నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. గత ఏడాది ఆ వారంలో వీళ్లకు ఎన్నో ఊళ్లు తిరగవలసి ఉన్నా, మా బండిని చూడటానికి వచ్చి ఒక పూటంతా ఉన్నారు. గాలి వీపుకు తగిలేలా నిలబడమన్నారు. నైలాను బట్టలతో మంట దగ్గరికి వెళ్లవద్దన్నారు. కరెంటు తీశారని నిర్ధారణ అయ్యాకే గన్ తెరవమన్నారు. బ్యారన్ తలుపు ఒక్కసారిగా లాగితే గాలి దూరి మంట ఎగదన్నుతుందని చేసి చూపించారు. గడ్డివాము పైన ఎన్ని నీళ్లు కొట్టినా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుందట. కొక్కేలతో లాగి విడదీసి తడపాలి, నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కాస్త కలిపితే లోపలికి ఇంకుతాయి. అన్నిటికన్నా నా మనసులో నిలిచింది ఆ అధికారి చివర చెప్పిన మాట. "ముందు 101కి ఫోను చేయండి, తరవాతే ఇంజను తిప్పండి. మేము వచ్చేదాకా నిప్పును ఉన్నచోటే ఉంచండి. మీ పని అంతే, మిగతాది మాది."

మార్చి 9న జరిగింది అదే. ఫోను వచ్చిన పదమూడు నిమిషాలకు మా బండి అక్కడ ఉంది. అంటుకున్న బ్యారన్‌ను వదిలేసి, పక్క బ్యారన్ గోడలు, పాక కప్పు, వాము తడుపుతూ నిలబడ్డాం. గాలికి నిప్పురవ్వలు పాక మీద రాలుతున్నాయి, తడి తాటాకు మీద చుయ్‌మని ఆరిపోతున్నాయి. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ట్యాంకు ఒకసారి ఖాళీ అయింది, ఎదురింటి సంపు నుంచి నింపుకున్నాం. గన్ పట్టుకున్నది డిగ్రీ చదువుతున్న మా బాబాయి కొడుకు. అగ్నిమాపక బండి వచ్చి పెద్ద గొట్టం విప్పేదాకా వాడు గన్ వదలలేదు. దూరంగా మా పిన్ని ఆ ఇంటి ఆడవాళ్ల భుజాల మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

బావగారికి ఆ రాత్రే ఫోను చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. "పాక నిలిచిందా? గేదెలు?" అని అడిగారు. అన్నీ నిలిచాయన్నాను. అవతల చెల్లెలి ఏడుపు వినిపించింది.

ట్రాక్టరు ఇచ్చినవారికి, డీజిలు పోసినవారికి, కుట్టుపని చేసినవారికి, టీలు పెట్టి పంపినవారికి, నేను మరిచిపోయినవారికి, అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ల వారు ఎవరైనా ఇలాంటి బండి చేసుకోవాలనుకుంటే రండి. వెల్డర్ అన్న సుద్ద గీతల కొలతలన్నీ నోటుపుస్తకంలో రాసి పెట్టాను, మెకానిక్ మామయ్య వస్తానన్నారు.

బండి మా రామాలయం పక్కన వేపచెట్టు కింద ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉంటుంది. తాళంచెవి ఎదురింటి అరుగు మీద స్తంభానికి మేకు కొట్టి తగిలించాం. అది ఏ ఊరి మంట అయినా సరే, ఏ వేళ అయినా సరే, ఎవరినీ అడగనవసరం లేదు, తీసుకువెళ్లండి.