పూసలు ఎందుకు కరుగుతున్నయంటే

హన్మకొండ,
మే 11

ఒరేయ్ శీనూ,

మంచిగున్నవా? కరీంనగర్‌ల ఎండలెట్లున్నయని అడగను, ఇక్కడ గూడ అదే మంట. నీ ఆల్జినేట్ పూసలు (సముద్రపు నాచు నుంచి తీసే, కాల్షియం తగిలితె గడ్డకట్టే జిగురుల కణాలను బంధించిన పూసలు) రెండు రోజులకే చారయితున్నయి, కణాలు పాడయినయేమో అని రాసినవు. కణాలను తిట్టకు. ముందు నీళ్లను, ఉప్పులను అనుమానించు.

100 మి.లీ.కు 2 గ్రాముల సోడియం ఆల్జినేట్. డిస్టిల్డ్ వాటర్‌తోని చేసిన 0.9 శాతం సెలైన్‌ల కలుపు. వట్టి నీళ్లయితే కణాలు ఉబ్బి పగుల్తయి. బోరు నీళ్లు అసలే వద్దు. మన దిక్కు గిన్నె అంచుకు తెల్లగ పట్టేదాంట్ల కాల్షియం ఉంటది, దానికి పొడి కరగకముందే గడ్డకడ్తది. ఉప్మాల రవ్వ పోసినట్టు, స్టిర్రర్ తిరుగుతుంటె కొంచెం కొంచెం చల్లు. ఒక్కసారి కుమ్మరిస్తె పైన ఉండ, లోపల పొడి. రాత్రంత తిరగనియ్యి, పొద్దున సెంట్రిఫ్యూజ్ పెట్టి బుడగలు తియ్యి. ఆటోక్లేవ్ చేస్తె (ప్రెషర్ ఆవిరితోని క్రిములు చంపితె) ఆల్జినేట్ గొలుసులు తెగి పల్చబడ్తది. అందుకే చాలమంది 1 శాతం ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌ల నుంచి పంపి, ఫ్రీజ్‌డ్రై చేసి (గడ్డకట్టించి ఆరబెట్టి), మళ్ల స్టెరైల్ సెలైన్‌ల చిక్కగ కలుపుకుంటరు.

ఆ ద్రావణంల కణాలు కలిపి, 22 గేజ్ సూదితోని 100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లకు చుక్క చుక్క వదులు. మరీ ఎత్తు నుంచి పడితె అప్పచ్చి లెక్క చదునయితయి, ద్రావణం మరీ చిక్కగుంటె తోకలొస్తయి. పది నిమిషాలు ఉంచి తియ్యి.

కడుగుడు దగ్గరనే చాలమంది పట్టుబడ్తరు. అలవాటు చొప్పున పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు నీళ్లు) పోస్తరు. అండ్ల ఉన్న ఫాస్ఫేట్ కాల్షియంను గుంజుకుంటది, పూస వదులైతది. కొంచెం కాల్షియం క్లోరైడ్ వేసిన సెలైన్‌తోని కడుగు. కాల్షియంను గుంజుడుల సిట్రేట్ దీనికన్న బలమైంది. కణాలు బయటికి తియ్యాలంటె 55 మిల్లీమోలార్ సోడియం సిట్రేట్ చాలు, పూస మొత్తం కరుగుతది.

ఇంకొకటి. పూసల కణాలు గుండ్రంగనే ఉంటయి, ప్లేట్ మీద లెక్క పరుచుకోవు. ఆల్జినేట్‌కు అతుక్కునే పట్టు వాటికి దొరకదు, పట్టు కావాలంటె ఆర్జీడీ పెప్టైడ్ (కణాలు పట్టుకునే చిన్న ప్రోటీన్ ముక్క) తగిలించాలె. గుండ్రంగున్నయని చచ్చినయనుకోకు, చచ్చిన కణాలకే పట్టే నీలం రంగు, ట్రిపాన్ బ్లూ వేసి చూడు. ఎంటీటీ (బతికున్న కణాలను రంగుతోని అంచనా వేసే పరీక్ష) చేస్తె, కణాలు తయారుచేసే ఊదా రంగు ఫార్మజాన్ పూస లోపలనే చిక్కుకుంటది. సిట్రేట్‌తోని కరిగించి, స్పిన్ చేసి, పైది వంపేసి, అప్పుడు ఆ రంగును కరిగించే డీఎంఎస్‌ఓ పొయ్యి. 570 నానోమీటర్ల వెలుతురు దగ్గర రంగు రీడింగ్ తియ్యి. కణాల్లేని పూసలను గూడ పక్క బావుల్ల (ప్లేట్‌ల ఉండే గుంటలల్ల) పెట్టు. అది లేకపోతె వచ్చిన అంకె దేనిదో చెప్పలేవు. ప్లేట్ అంచు బావులు ఆరిపోతయి, వాటిల్ల నీళ్లు నింపి వదిలెయ్యి.

ఈ మే నెలల ఏసీ బందయితె ఇంకో తిప్పలు. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తది గని సల్లబర్చదు. గది 40 దాటినంక లోపల 37 నిలువదు.

పీహెచ్‌డీ సంగతి అడిగినవు. గేట్ స్కోర్ మూడేండ్లు పనిచేస్తది, పేపర్ బీటీ (బయోటెక్నాలజీ) రాయాల్నా బీఎం (బయోమెడికల్) రాయాల్నా అనేది నువ్వు చేరే విభాగం ఏది తీసుకుంటదో చూసి ఎంచుకో. మన వరంగల్ ఎన్ఐటీల బయోటెక్నాలజీ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌ల బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. పేరు చూసి పోకు, ల్యాబ్‌కు పోయి అడుగు: మైనస్ 80 ఫ్రీజర్‌కు జనరేటర్ ఉన్నదా, ఒక్క ఇంక్యుబేటర్‌ను ఎంతమంది పంచుకుంటరు, సామాన్ల ఆర్డర్ పెట్టినంక ఎన్ని రోజులకొస్తది? పేపర్లెన్ని అని అడుగుడుకన్న ఇది నయం.

అన్నట్టు, నీ కాల్షియం క్లోరైడ్ సీసా మీద డైహైడ్రేట్ (నీళ్లు పట్టుకున్నది) అని ఉన్నదా, అన్‌హైడ్రస్ (నీళ్లు లేనిది) అని ఉన్నదా? 100 మి.లీ.కు మొదటిది 1.47 గ్రాములు, రెండోది 1.11. డైహైడ్రేట్‌ను 1.11 తూచితె 75 మిల్లీమోలారే వస్తది. చూసి రాయి, ఆ సంగతి తెలిస్తెనే మిగతాది చెప్తా.

నీ
సత్తి