కార్డుల బీరువాలో సొరగింజలు

కావలి,
మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు

ఒరే 641.5,

(వంటల పుస్తకాల నంబరు నీకు, తోటల పుస్తకాల నంబరు 635 నాకు, మన లైబ్రరీ అంకెల పేర్లు ఇంకా వదల్లేదు చూడు.) నీ ఉత్తరం వచ్చి నలభై రోజులు దాటింది. తిట్టుకోబాక. లైబ్రరీలో ఎండాకాలం శిబిరం, పిలకాయల గోల, ఆపైన డీఎస్సీకి చదివేవాళ్ళకు కుర్చీలు చాలక బెంచీలు మోయించడం, వీటితోనే సరిపోయింది. ఇంటికాడ అంతా కులాసా. అమ్మ మోకాళ్ళు అట్నే ఉండాయి. నువ్వడిగిన వారపత్రికల బైండింగులు దొరకలేదు, మళ్ళా వెతుకుతా. మిగతా కబుర్లు ఇంకో ఉత్తరంలో రాస్తా. ఇప్పుడు ఒక్కటి చెప్పకపోతే నాకు అన్నం దిగేటట్టు లేదు.

గింజలు తిరిగొచ్చాయిరా!

కార్డు కేటలాగు బీరువా తెలుసు గదా, పుస్తకాల వివరాలు రాసిన కార్డులు పెట్టేది, నువ్వు "పావురాల గూడు" అనేవాడివే, అది. కేటలాగు కంప్యూటర్లోకి పోయినాక దాని మీద పాత పేపర్లు పెట్టుకోడానికి తప్ప పనికిరాలేదు. పోయిన ఆషాఢంలో దాని సొరుగుల్లో కూరగాయ విత్తనాల పొట్లాలు పెట్టాం. (సొరుగులో సొర. నువ్వు నవ్వుతా ఉంటావని తెలుసు, నవ్వుకో.) పుస్తకం అరువిచ్చినట్టే గింజలు అరువు. తీసుకున్నవాళ్ళు పెరట్లో వేసుకుని, కాయలు కూరొండుకుని, ఒకటి రెండు కాయలు మాత్రం తీగ మీదే ముదరనిచ్చి, గింజలు తీసి రెండింతలు తెచ్చివ్వాల. అంతే నియమం.

మొన్న ఆదివారం ఒకామె వచ్చింది. చదువు రాదు. పోయినేడు గింజల కోసం తప్ప మన మెట్లు ఎక్కిన మనిషి కాదు. ఎండిన సొరబుర్ర సంకన పెట్టుకుని లోపలికొచ్చి, "ఆరు గింజలు తీసకపోయినా సామీ, దీంట్లో ఎన్నుండాయో మీరే లెక్కబెట్టుకోండి" అని రీడింగు బల్ల మీద పెట్టింది. ఊపితే గలగల. డీఎస్సీ వాళ్ళు పుస్తకాలు మూసి దాని చుట్టూ చేరారు. పగలగొట్టి లెక్కబెడితే మూడొందల పైచిలుకు. ఆమె పోతా పోతా, "బీర ఉండాదా?" అని అడిగి ఒక పొట్లం తీసకపోయింది. రిజిస్టరులో వేలిముద్ర వేసింది.

దీన్ని నేను ఎంత పెద్ద సంగతిగా చూస్తా ఉండానో నీకు తప్ప ఎవరికి చెప్పేది? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఆ పన్ను ఆమె కూడా కడతా ఉంది. చదివేవాళ్ళకు పుస్తకం, పేపరు, పరీక్షలకు పోయేవాళ్ళకు కుర్చీ, ఫ్యాను ఇస్తా ఉండాం. చదువు రాని ఇంటికి ఏమిస్తా ఉండాం అంటే ఇన్నాళ్ళూ నాకాడ జవాబు లేదు. నువ్వు ఎప్పుడూ వల్లిస్తావే, గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ గారి 1931 నాటి అయిదో సూత్రం, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని... సరే, అది ఇంకో తడవ. ముందు పని సంగతి రాస్తా, ఎందుకంటే నువ్వు మీ కొండపి లైబ్రరీలో పెట్టకుండా ఉండవు, పెట్టి మేము చేసిన తప్పులే చేస్తావు.

మొదటి తప్పు తేమ. కార్తీకంలో మన వానలు తెలుసు గదా, పది రోజులు ముసురు పట్టిందంటే చెక్క సొరుగు కూడా ఉబ్బి రాదు. కాయితం పొట్లాల్లో ఉన్న గింజలు ఆ గాలిలో తేమంతా తాగేస్తాయి. పోయినేడు తోటకూర బూజు పట్టి మట్టివాసన కొట్టింది. అందుకని సొరుగులో రకానికి నాలుగైదు పొట్లాలకు మించి పెట్టబాక. అసలు నిలవ అంతా బిగుతు మూత గాజు సీసాల్లో ఉండాల. సీసాలో నాలుగో వంతు బియ్యం పోసుకో, మామూలు బియ్యం కాదు, గోధుమరంగు తిరిగేదాకా వేయించి, మూతపెట్టి చల్లార్చి, గుడ్డలో మూటగట్టినవి. అవి సీసాలో తేమను లాగేస్తాయి. తేమ పీల్చే సిలికా జెల్ పూసలైనా సరే. నీలంగా ఉన్నది గులాబీకి తిరిగిందంటే తేమ నిండిందని, పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్ళా నీలానికి వస్తుంది. కానీ నీలం జెల్ విషం, పిలకాయలకు అందనీయబాక. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని విత్తనశాస్త్రంలో లెక్క. నిలవ చోటు 5 డిగ్రీలు చల్లబడినా అంతే. కాబట్టి సీసాలు కిటికీ పక్కన వద్దు, ఉత్తరం గోడకు పెట్టుకో.

అయితే సరిగా ఎండని గింజను సీసాలో బిగిస్తే ఇంకా చెడు, లోపలే ఉక్కిపోయి కుళ్ళుతుంది. ఎండిందో లేదో చూడ్డం తేలిక. సొర, గుమ్మడి గింజను వంచితే టక్కుమని విరగాల, వంగిందంటే ఇంకా పచ్చి. చిక్కుడు గింజ మీద పంటిగాటు పడకూడదు. ఎండబెట్టమన్నారని రోహిణి ఎండలో సిమెంటు మిద్దె మీద పోస్తారు మనోళ్ళు. 40 డిగ్రీలు దాటిన వేడికి లోపలి మొలక చచ్చిపోతుంది, పైకి మాత్రం బంగారంలా కనపడతుంది. పొద్దుటి ఎండ రవంత, ఆపైన నీడలో చాట మీద గాలికి. వారం చాలు.

రెండోది చెప్పాలంటే ఇప్పటికీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చిక్కుడు, అలసంద. సంక్రాంతికి సొరుగు తెరిస్తే పొట్లాలకు సూదితో గుచ్చినట్టు బొక్కలు, లోపల పిండి. పురుగు మన బీరువాలో పుట్టలేదురా, చేల్లోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు వచ్చింది. అందుకే ఎంత గట్టి మూతైనా లాభం లేదు. పప్పుజాతి గింజ ఏది వచ్చినా, బాగా ఎండినాక, కిలోకు ఒక టీస్పూను (5 మి.లీ.) వేరుశనగ నూనె పట్టించి చేత్తో కలిపితే గుడ్లు చస్తాయి. గింజలు తక్కువైతే జల్లించిన పొడి బూడిదలో కలిపి పెట్టు.

ఎలుకలు! ఇది పెద్దక్షరాలతో రాసుకో. గింజ ఉన్న చోటికి ఎలుక వస్తుంది, గింజ అయిపోయినాక పుస్తకాల అట్టల జిగురు మీద పడతుంది. బీరువా పుస్తకాల గదిలో వద్దు, పేపర్లు చదివే హాల్లో గడప పక్కన పెట్టు. సీసాలన్నీ రేకు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. ఇక్కడ ఒకాయన పాత మొలగొలుకుల వడ్లు మూటతో తెచ్చిస్తానన్నాడు. ఎంత ఆశపడ్డా వద్దన్నాం. ఎకరానికి పాతిక కిలోల దాకా విత్తనం కావాల, అది గ్రంథాలయం మొయ్యగలిగింది కాదు, పైగా ఎలుకలకు పండగ. మన బీరువా పెరటి కూరలకే.

ఇంక తీసుకోకూడనివి. ప్యాకెట్టు మీద హైబ్రిడ్ అనో ఎఫ్-1 అనో ఉంటే ఆ పంట గింజ తీసుకోబాక. తల్లి గుణం రాదు, తలా ఒక రకంగా కాస్తుంది, తీసకపోయిన మనిషి మనల్ని నమ్మదు. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగు పూసిన అంగడి గింజలు మందు పట్టించినవి, పిలకాయలు తిరిగే చోట అసలే వద్దు.

సొర విషయంలో ఒక్కటి చాలా గట్టిగా పట్టుకో. పొడుగు సొర, గుండ్రం సొర పక్కపక్కనుంటే పురుగులు పుప్పొడి కలిపేస్తాయి, వచ్చే ఏడు ఏది కాస్తుందో తెలియదు. అది పర్వాలేదు. కానీ చేదు తీగ గింజ చేరిందంటే ప్రమాదం. ఆ చేదు కుకర్బిటాసిన్, వండినా పోదు, వాంతులు, ఆస్పత్రి దాకా తీసుకుపోతుంది. కాబట్టి గింజ తిరిగిచ్చేటప్పుడు "ఆ తీగ లేతకాయ ముక్క నాలిక మీద పెట్టి చూశారా?" అని అడగాల. చేదు తగిలితే ఉమ్మేసి, ఆ తీగ కాయలు వండుకోవద్దని, గింజ తేవద్దని ముందే చెప్పాల. ఈ ఒక్క వాక్యం ప్రతి సొర పొట్లం మీద ఎర్రసిరాతో ఉండాది మనకాడ. దోసకూ అంతే.

రకం కలవకుండా ఉండాలంటే చేత్తో పుప్పొడి రుద్ది కాయ కట్టించొచ్చు. గుమ్మడికైతే రేపు విచ్చుకునే మొగ్గలు, ఒక మగది, కింద బుల్లి పిందె ఉన్న ఆడది, సాయంత్రమే దారంతో మూతి కట్టి, తెల్లారి ఆరేడు గంటలకు మగపువ్వు కోసి దాని పుప్పొడి ఆడపువ్వుకు రుద్ది, మళ్ళా మూతి కట్టి, కాడకు రంగుదారం చుట్టాల. సొర, బీర సాయంత్రం పూస్తాయి, కాబట్టి వాటికి మధ్యాహ్నం కట్టి పొద్దుగూకేటప్పుడు రుద్దాల. శిబిరంలో పిలకాయలు దీన్ని నేర్చుకున్న తీరు చూస్తే... నువ్వుండాల్సిందిరా, అది రాస్తే వచ్చేది కాదు. టమాటకు ఈ బాధ లేదు, తనకు తానే కడతుంది. గింజ చుట్టూ జిగురు పోవడానికి మాత్రం గుజ్జును నీళ్ళలో ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడుక్కోవాల. మన ఎండలకు మూడోరోజు దాకా ఉంచితే మొలకెత్తుతుంది.

గడువు తేదీ సంగతి నువ్వే అడుగుతావు. పుస్తకానికిచ్చినట్టు 14 రోజుల ముద్ర వేస్తే ఎట్టా? తోటకూరకు నాలుగు నెలలు, సొరకు ఆరు నెలలు. చిక్కుడుకు నెల లెక్కే పనికిరాదు, పగలు పొట్టిగా ఉన్న రోజుల్లోనే పూస్తుంది. ఆషాఢంలో వేస్తే సంక్రాంతికి కాపు, శివరాత్రికి గింజ. అదే మాఘంలో తీసకపోయి వేసినామె ఆకులే చూసుకుంటా కూచుంటుంది మళ్ళా చలికాలం దాకా. అందుకని మాఘం నుంచి జ్యేష్ఠం దాకా చిక్కుడు సొరుగుకు తాళం. గింజలు తేనివాళ్ళకు జరిమానా లేదు. వానకు పోతుంది, మేక మేస్తుంది, వాళ్ళ తప్పేముంది?

రిజిస్టరు మన యాక్సెషన్ రిజిస్టరే, కొత్త పుస్తకాలు ఎక్కించుకునేదే. నంబరు, రకం, ఏ ఊరి నుంచి, ఏ నెలలో కోసింది, మొలక ఎంత. మొలక చూడకుండా ఏదీ సొరుగులోకి పోకూడదు. తడిగుడ్డలో పది గింజలు చుట్టి, సొర, చిక్కుడుకు వారం, వంగ, మిరపకు పద్నాలుగు రోజులు. ఏడు మొలిస్తే సరే. అయిదైతే పొట్లంలో రెట్టింపు పెట్టు. అంతకన్నా తక్కువైతే కోళ్ళకు. పొట్లానికి సొర 6, బీర 8, చిక్కుడు 10, బెండ 20, తోటకూర చిటికెడు. ఆ సొరుగు పక్కనే 635 పుస్తకాల చిన్న అర పెట్టు. గింజలకొచ్చిన ఇంటి పిలకాయలు దాంట్లో బొమ్మలు చూస్తా ఉండారు.

చట్టం గురించి ఎవరన్నా భయపెడితే బెదరబాక. కాలిఫోర్నియాలో రిచ్‌మండ్ గ్రంథాలయంలో 2010 నుంచి ఇట్టాంటిది ఉంది. 2014లో పెన్సిల్వేనియాలో ఒక గ్రంథాలయానికి అక్కడి వ్యవసాయ శాఖ విత్తన చట్టం చూపించి ఇబ్బంది పెట్టింది. మనకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఉంది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు గింజ దాచుకోవచ్చు, మళ్ళా వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. రక్షణ ఉన్న రకాన్ని పేరు ముద్రవేసి అమ్మకూడదు, అంతే. మనం అమ్మేదే లేదు.

ఇంకా వంగ గురించి, గుడ్డసంచి కట్టడం గురించి రాయాల. పైగా ఎర్రకాడ గోంగూర సంగతి అసలు మొదలే పెట్టలేదు, అది నీ 641.5కి నేరుగా సంబంధించిన విషయం. కానీ నాలుగు కావస్తా ఉంది, తలుపు తీయాల, అప్పుడే ఇద్దరు మెట్ల మీద కూచోనుండారు. కవర్లో ఆ సొరబుర్ర గింజలు పన్నెండు పెట్టా. ఆరు వేసుకో, ఆరు తడిగుడ్డలో చూసి ఎన్ని మొలిచాయో కార్డు ముక్క రాయి.

నీ 635