మన పటింగ్ గ్రీన్ సంగతి, దాపరికం లేకుండా

అన్నలకు, అక్కలకు నమస్కారం. వచ్చే మంగళవారం మన గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని హోల్ అనే చిన్న గుంతలోకి దొర్లించే గడ్డి నేల, మూసేస్తున్నాం. ఇసుక చల్లి చదును చేయాలి, గడ్డి కాస్త తేరుకోవాలి. గురువారం సాయంత్రం ఐదింటికి మళ్లీ తెరుస్తాం. రేటు పెంచుతున్నావా అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. పెంచట్లేదు. పట్టింపు మాత్రం పెంచుతున్నా.

మొన్న ఆదివారం ఒకాయన తన బంతి దగ్గరికి పోతూ పక్కాయన లైన్ (బంతి హోల్‌కు పోవాల్సిన దారి) మీదుగా బూట్లు ఈడ్చుకుంటూ నడిచినాడు. చెప్పబోతే, "గంటకింత అని కట్టినాం కదప్పా, యాడ నడిస్తే నీకేమి?" అన్నాడు. అడగాల్సిన మాటే. జవాబు అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

మన గ్రీన్ మీదున్నది సంకర బెర్ముడా గడ్డి. వినాయక చవితికి పూజలో పెట్టే గరిక ఉంది కదా, దాన్ని ఆఫ్రికా గడ్డి ఒకదానితో కలిపి తీసిన రకం. గరికే కదా, ఎంత తొక్కినా చావదులే అనుకుంటారు. చేలో గరిక చావదు, నిజమే, ఏ రైతునడిగినా తిట్టుకుంటూ చెప్తాడు. ఇక్కడ దాన్ని నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తాం. ఆ ఎత్తులో బూటు ఈడ్చిన గీత కూడా బంతికి గతుకే. పైగా ఈ రకానికి విత్తనం ఉండదు. పోయినచోట తీగ ముక్కలు తెచ్చి నాటాలి, వేర్లు పట్టేదాకా రోజూ తడపాలి. అనంతపురంలో బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా?

ఇంకొకటి గమనించండి. హోల్ అంచుకు జానెడు దూరంలో ఎవరూ కాలు పెట్టరు, అంతవరకు అందరూ బుద్ధిమంతులే. బంతి తీసుకోవడానికి వంగినప్పుడు కాళ్లు సరిగ్గా ఆ జానెడు దాటిన చోట పడతాయి. ఆదివారం సాయంత్రానికి ఆ వలయమంతా అణిగిపోయి, హోల్ సన్నటి దిబ్బ మీద కూర్చున్నట్టు అవుతుంది. కంటికి కనబడదు. నిదానంగా వచ్చే బంతికి మాత్రం బాగా తెలుస్తుంది, చివర్లో పక్కకు తిరిగిపోతుంది. "నేను సరిగ్గానే కొట్టినా, నీ గ్రీనే వంకర" అని నాతో పోట్లాడేది ఇక్కడే. అందుకే హోళ్ల చోటు మారుస్తుంటాం. మార్చినప్పుడు "మొన్న ఇక్కడుండె కదా" అని కోప్పడకండి.

హోల్ వెడల్పు చేయమని అడిగేవాళ్లకు: అది 108 మిల్లీమీటర్లు, నాలుగుంపావు అంగుళాలు. 1891లో స్కాట్లాండ్ వాళ్లు ఖాయం చేసిన కొలత, నా చేతిలో లేదు. బంతిని పటర్ (బంతి కొట్టే కర్ర) తలతో గోకి బయటికి లాగితే మాత్రం అదే వెడల్పవుతుంది, అంచు విరిగి. చేత్తో తీయండి.

హోల్‌లో నిలబెట్టే జెండా కర్ర మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. 2019లో గోల్ఫ్ రూలు మారింది. కర్ర ఉండగానే బంతిని హోల్‌లోకి కొట్టొచ్చు, తగిలినా పెనాల్టీ లేదు. పాత రూలు నేర్చుకున్న పెద్దాయనలు కుర్రాళ్లను కసురుకోనక్కర్లేదు. పీకేవాళ్లు దాన్ని గ్రీన్ మీద విసరొద్దు, మెల్లగా బయట పెట్టండి. బూటు గుర్తులను సరిచేసుకోవచ్చన్నదీ ఆ ఏడాది వచ్చిన రూలే. కాబట్టి "రూలు ఒప్పుకోదన్నా" అని గుర్తును అట్లే వదిలేసి పోతే ఊరుకోను.

మీ బంతి ఇంకొకరి దారికి అడ్డముంటే వెనక నాణెం పెట్టి బంతి తీసేయండి. నాణెమూ అడ్డమే అంటే పటర్ తల అంత దూరం పక్కకు జరపండి, మీ వంతు వచ్చినప్పుడు మళ్లీ మొదటి చోటికి తేవడం మర్చిపోవద్దు. రూపాయి బిళ్లలు కౌంటర్ దగ్గర డబ్బాలో ఉన్నాయి. పోయేటప్పుడు అందులోనే వేసిపోతే సంతోషం.

ఎదుటివాళ్లు కొట్టేటప్పుడు మాటలొద్దు, వాళ్ల లైన్ మీద మీ నీడ పడొద్దు. సాయంత్రం ఎండకు నీడ ఎంత పొడుగు సాగుతుందో చూసుకుని నిలబడండి. సెల్ఫీలు గ్రీన్ బయట.

హీల్స్‌తో ఇకనుంచి రానివ్వం. ఒట్టి కాళ్లతో వస్తే నాకు ఇంకా ఇష్టం. ఉగ్గాని బజ్జీ షెడ్డు కిందే తినండి, చేతులు కడుక్కుని పటర్ పట్టండి. చెనక్కాయల పొట్టు గ్రీన్ మీద కనిపిస్తే ఎవరిదని విచారణ చేయను, ఆ గుంపు మొత్తానికీ పొరక ఇస్తా.

ఆదివారం వచ్చినాయన ఇది చదువుతుంటే, గురువారం రండి సార్. కొత్త హోళ్లు, కొత్త చోట్లు. మొదటి గంటకు డబ్బు తీసుకోను.