ఆ డబ్బు నీ ఫోన్లో ఉంచకు నాన్నా

నరసన్నపేట
శనివారం

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాలుగు రోజులుగా వాన వదల్లేదు, పెరటి గోడ మళ్లీ చెమ్మ పట్టింది. నాన్నగారి మోకాలు కాస్త నయం, కానీ చెప్తే వినకుండా సైకిలెక్కుతున్నారు. నీకు జీడిపప్పు తీసిపెట్టాను, బుజ్జి వస్తే పంపిస్తాను.

మొన్న రాజాం పిన్ని వచ్చింది. మాటల మధ్యలో "మీవాడు క్లబ్బుకి కోశాధికారి అయ్యాడటగా, డబ్బంతా వాడి ఫోన్లోనే ఉందట" అంది. ఎవరు చెప్పారని అడగలేదు. అడిగితే ఇంకో నలుగురి నోట్లో పడుతుంది. నువ్వేమో పదిహేను రోజులుగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావు. కోడల్ని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది, తనని ఏమీ అనకు. పాత సెక్రటరీ గారు అలిగి పుస్తకాలు ఇంట్లోనే ఉంచుకున్నారట. బ్యాంకులో ఇంకా పాతవాళ్ల సంతకాలే ఉన్నాయట. మీ విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మంచినీళ్ల పందిరి వేస్తామని వసూలు చేసిన చందాలన్నీ నీ ఫోన్‌పేలో పడుతున్నాయట.

నువ్వు ఒక్క రూపాయి ముట్టవు. నాకు తెలుసు. వేళకి తింటున్నావా? ఆ టెన్షన్‌లో రాత్రిపూట టిఫిన్‌తో సరిపెడుతున్నావని కూడా విన్నాను.

1997లో మన వీధి పొదుపు సంఘం నీకు లీలగా గుర్తుండాలి. పద్నాలుగు మందిమి, రోజుకో రూపాయి చొప్పున నెలకి 30. లీడర్ని మార్చాలని సగం మంది, వద్దని సగం మంది. తగువు ముదిరి పాత లీడరు పాస్‌బుక్కు, తీర్మానాల పుస్తకం పట్టుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ స్థానంలో నన్ను పెట్టారు. పుస్తకం లేకుండా బ్యాంకుకి ఎలా వెళ్లాలో తెలియక రెండు నెలల పొదుపు, 840 రూపాయలు, మూటకట్టి బియ్యం డబ్బాలో దాచాను. ఆ నెలలోనే బుజ్జికి జ్వరం. నాన్నగారు పలాసలో ఉన్నారు, జీతం ఇంకా రాలేదు. మూటలోంచి 200 తీసి దాన్ని శ్రీకాకుళం తీసుకెళ్లాను. జీతం రాగానే పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా పాత లీడరు తిరిగొచ్చి, అందరినీ వెంటబెట్టుకుని మన గుమ్మంలో నిలబడి లెక్క చూపించమంది. మూట విప్పాను. 640 ఉన్నాయి. ఎందుకు తీశానో చెప్తే నమ్మారు. సాయంత్రానికి కమ్మలు తాకట్టు పెట్టి కట్టేశాను. అయినా ఆ తర్వాత ఏడాదిపాటు నేను లెక్కపెట్టి ఇచ్చిన డబ్బుని నా ఎదురుగానే మళ్లీ లెక్కపెట్టేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ నోట్లు తిప్పే చప్పుడు వింటూ కూర్చోవడం నీకు రాకూడదని నా బాధ.

దారి చూపించింది చివరింటి ముసలమ్మ గారే. ఇవాళ్టికి ఎవరి చేతిలో ఎంతుందో రాసి కింద గీత గీయండి, పాతామె, కొత్తామె ఇద్దరూ సంతకాలు పెట్టండి, గీతకి పైనున్నది పాత లెక్క, కిందది కొత్త లెక్క అంది. పాత లీడరు ఆ రాత్రే పుస్తకాలు తెచ్చిచ్చింది. తను దిగిపోయాక వచ్చే తేడా కూడా తన నెత్తిన వేస్తామని భయపడిందట పాపం. మీ సెక్రటరీ గారి భయం కూడా అదేనేమో కనుక్కో. నలుగురితో కాదు, ఒక్కడివే వెళ్లు. ఆడిట్ కాకముందే ఆయన తినేశాడన్న మాట నీ నోట రానీకు.

చెప్పకూడదనుకుంటూనే చెప్తున్నాను. క్లబ్బు ఖాతాలో డబ్బు వేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు నాన్నా, తీయడానికే కావాలి. నీ ఫోన్లో ఉన్నదంతా సోమవారమే అందులో వేసెయ్. నీ జీతం పడే ఖాతాలో వందమంది చందాలు కలిస్తే ఏది ఎవరిదో రేపు నువ్వే చెప్పలేవు. సంతకాలు మార్చడానికి కమిటీ తీర్మానం, మీ ఆధార్, పాన్, ఫోటోలు బ్యాంకులో ఇవ్వాలి, దానికి టైం పడుతుంది. అంతవరకు పందిరి ఖర్చుకి పాతవాళ్ల చేతే చెక్కు రాయించండి. రేపు నీ సంతకం వచ్చాక ఖాళీ చెక్కు మీద మాత్రం సంతకం పెట్టకు, ఎంత కావలసినవాళ్లు అడిగినా సరే. పాస్‌బుక్కులో కనిపించేదంతా మీదేననుకోకు, పాతవాళ్లు ఎవరికైనా ఇచ్చిన చెక్కు మూడు నెలల్లోగా ఎప్పుడైనా బ్యాంకుకి రావచ్చు. క్లబ్బు రిజిస్టరయిందే కదా, కొత్త కమిటీ పేర్లు రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా ఇవ్వాలంటున్నారు మీ మావయ్య. రసీదు పుస్తకాల్లో ఎన్ని వాడారో, ఎన్ని మిగిలాయో కూడా, మాలాగే ఆయనా నువ్వూ గీత గీసి సంతకాలు పెట్టే కాగితంలో రాయించు.

దసరా వెళ్లిన మంగళవారం సిరిమానుకి మేమూ వస్తాం. నాన్నగారు ఆ జనంలో నిలబడలేరు, కోట దగ్గర ఎక్కడైనా కూర్చోబెట్టాలి. నీ గొడుగు ఇక్కడే మర్చిపోయావు, అది తెస్తాను. పిల్లకి దగ్గు తగ్గిందా? సోమవారం డబ్బు వేశాక ఆ బ్యాంకు స్లిప్పు ఫోటో తీసి బుజ్జి ఫోన్‌కి పంపు, నేను కళ్లజోడు పెట్టుకుని చూస్తాను.

అమ్మ