రాత్రి పదకొండు నుంచి నాలుగున్నర దాకా

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో రెండు పేజీలు ఇంటర్నెట్ డేటా గురించే రాశావు. నెల సగం కాకముందే కోటా అయిపోతోందనీ, పై అంతస్తులో అద్దెకుంటున్న కుర్రాళ్లు మీ వైఫై వాడుకుంటున్నారేమోనని అనుమానంగా ఉందనీ, ఆదివారం వెళ్లి అడిగేస్తాననీ రాశావు. ఆ మాట చదవగానే నాకు కాలు నిలవలేదు. దయచేసి ఈ ఆదివారం అడగకురా. ముందు ఈ ఉత్తరం చివరి దాకా చదువు. రెండు రాత్రులు నేను చెప్పినట్టు చేసి చూడు. అప్పటికీ అడగాలనిపిస్తే అడుగు. ఎందుకంటే నెల రోజుల క్రితం నేనూ ఇలాగే ఒకరిని అనుమానించాను. మా అబ్బాయిని.

మాది నెలకు 300 జీబీ ప్లాను. అది దాటితే వేగం తగ్గించేస్తారు. ఇన్నాళ్లూ మా వాడకం 200 దగ్గరే ఆగిపోయేది. అలాంటిది పోయిన నెల 24వ తేదీకే 300 అయిపోయిందని ఫోనుకు సందేశం వచ్చింది. నాకు ఇంకో ఆలోచనే రాలేదు. నేరుగా వాడి గదిలోకి వెళ్లి, ఆటలు ఆడి ఆడి డేటా అంతా తగలేశావని కోప్పడ్డాను. "నాన్నా, ఆడటానికి అంత డేటా పట్టదు" అన్నాడు. నేను వినలేదు. కంప్యూటర్ తెచ్చి మా గదిలో పెట్టుకున్నాను. వాడు చెప్పింది నిజం. కొత్త ఆట దించుకుంటే పదుల జీబీలు అవుతాయి కానీ, దించుకున్నాక ఆన్‌లైన్‌లో ఆడటానికి మామూలుగా గంటకు కొన్ని వందల ఎంబీలకు మించి పట్టదు. ఆ తేడా కనుక్కోవడానికి నాకు పది నిమిషాలు సరిపోయేది. వాడి మీద అరిచాక చాలా రోజులకు గానీ ఆ పది నిమిషాలు కూర్చోలేదు.

ఈ నెల 1వ తేదీన లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. వాడి కంప్యూటర్ మా గదిలోనే మూతపడి ఉంది. అయినా 13వ తేదీకి 80 శాతం, అంటే 240 జీబీ, అయిపోయిందని సందేశం! ఆ రోజు మొదటిసారి ఇంటర్నెట్ సంస్థవాళ్ల ఖాతా పేజీ తెరిచి రోజువారీ లెక్క చూశాను. పోయిన నెల 11 దాకా రోజుకు ఆరో ఏడో జీబీలు. 12 నుంచి పద్దెనిమిదో పంతొమ్మిదో. మెల్లగా పెరగడం లేదు, మెట్టు ఎక్కినట్టు ఒక్క రోజులో పెరిగింది. కోటా అయిపోయి వేగం తగ్గిన ఆ వారం రోజులు తప్ప, అప్పటి నుంచి ప్రతిరోజూ దాదాపు అదే ఎత్తు. మనుషుల వాడకం అలా ఉండదు కదా. సెలవు రోజు ఎక్కువ చూస్తాం, ఒంట్లో బాగాలేని రోజు అసలు చూడం. రోజూ ఒకే మోతాదులో పోతోందంటే ఏదో యంత్రం తన పని తాను చేసుకుపోతోందని అర్థం.

అదే పేజీలో ఓ మూల డౌన్‌లోడ్, అప్‌లోడ్ విడివిడిగా చూపించే మీట ఉంది. నొక్కాను. పద్దెనిమిదిలో పన్నెండు అప్‌లోడే! ఈ ఒక్క ముక్క నువ్వు బాగా గుర్తుపెట్టుకో. మనం చూసే సినిమాలు, చదివే వార్తలు అన్నీ లోపలికి వచ్చేవి. మామూలు ఇంట్లో అవే ఎక్కువ, బయటికి వెళ్లేది కొంచెం. చాలా ప్లాన్లలో బయటికి వెళ్లేదీ కోటాలోనే కలుస్తుంది. సంస్థకు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎంతో ఓపికగా అదే చెప్పింది: మోడెమ్ దాటిన ప్రతి బైటూ లెక్కలోకి వస్తుంది, ఇంట్లో ఏ పరికరం వాడిందో మాత్రం మాకు కనిపించదు అని. సరే, మా ఇంట్లోంచి రోజుకు 12 జీబీ బయటికి ఏం వెళ్తోంది?

ఆ సాయంత్రమే రౌటర్ పేజీ తెరిచాను. నీకూ తెలిసే ఉంటుంది, బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే వస్తుంది, రౌటర్ వెనక చీటీ మీద రాసి ఉంటుంది. అందులో మా వైఫైకి తగులుకున్న పరికరాల జాబితా ఉంది. ఒక్కొక్కటీ గుర్తుపట్టుకుంటూ వచ్చాను. చివర్లో ఒకదానికి పేరే లేదు. నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే పన్నెండు అంకెల, అక్షరాల మ్యాక్ చిరునామా మాత్రమే ఉంది. దాని మొదటి ఆరింటిని బట్టి తయారుచేసిన కంపెనీ తెలుస్తుందంటారు కదా, వెతికితే ఏ కంపెనీదీ కాదు. ఎవరో బయటివాళ్లు చొరబడ్డారని ఖాయం చేసుకున్నాను. అక్కడికక్కడే పాస్‌వర్డ్ మార్చాను. ఇంట్లో అందరూ కొత్తది కొట్టుకున్నారు. రాత్రి పదకొండింటికి మళ్లీ చూస్తే ఆ పేరులేనిది అదే చిరునామాతో మళ్లీ జాబితాలో కూర్చుని ఉంది!

నీ కుర్రాళ్ల సంగతికి ఇది చాలా ముఖ్యం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫోన్లు ఇప్పుడు తమ అసలు మ్యాక్ చిరునామా చెప్పవు. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్లలో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి, అంటే 2019, 2020 నుంచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత చిరునామా ఇవ్వడం మొదలైంది. మనిషి కదలికలను ఎవరూ వెంటాడకుండా పెట్టిన మంచి ఏర్పాటు అది. దాన్ని పోల్చుకోవడం తేలిక. చిరునామాలో రెండో స్థానంలో 2, 6, 'ఏ', 'ఈ'లలో ఏదైనా ఉంటే అది కల్పితమే. మీ జాబితాలో అలాంటిది కనిపించిందంటే, పై అంతస్తు మాట తలచుకునే ముందు మీ ఇంట్లో ప్రతి ఫోనులోనూ వైఫై వివరాలు తెరిచి ఆ చిరునామాతో పోల్చు. నాకు ఆ రోజు ఇదేదీ తెలియదు.

రౌటర్ పేజీలోనే 'పంపిన బైట్లు' అని ఒక అంకె ఉంటుంది. పదకొండింటికి కాగితం మీద రాసుకున్నాను: సుమారు 51 కోట్లు. పొద్దున ఐదింటికి చూస్తే రెండున్నర కోట్లు! పంపినదాని లెక్క పెరగాలి గానీ తగ్గుతుందా? రౌటర్ ఆగి మళ్లీ మొదలైందేమోనని చూశాను. తొమ్మిది రోజులుగా ఆగలేదని అక్కడే రాసి ఉంది. ఏమీ పాలుపోలేదు.

మర్నాడు రాత్రి అందరూ పడుకున్నాక దీపం ఆర్పి రౌటర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కంప్యూటర్ తెర వెలుగు, రౌటర్ మీద ఆగకుండా కొట్టుకుంటున్న పచ్చదీపం, అంతే. పదకొండుకు 52 కోట్లున్న అంకె ఐదు నిమిషాలకోసారి చూస్తే దాదాపు 19 కోట్ల చొప్పున ఎక్కుతోంది. ఇల్లంతా నిద్రపోతుంటే! పన్నెండూ నలభైకి 428 కోట్లు. ఇంకోసారి పేజీ తాజా చేస్తే ఒక్క కోటి. నా కళ్ల ముందే పడిపోయింది. అది ఎందుకో తెల్లారాక మా అబ్బాయే విడమరిచి చెప్పాడు. పాత రౌటర్ లెక్క 32 బిట్లది, 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దాకానే పట్టగలదు, అది నిండితే సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది అని. ముందు రాత్రి అది మూడుసార్లు తిరిగింది. మూడుసార్లంటే దాదాపు 13 జీబీ. పొద్దున నేను చూసిన రెండున్నర కోట్ల వెనక అంత దాగి ఉంది.

అప్పుడు జాబితాలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా రౌటర్ పేజీ నుంచే ఆపేస్తూ వచ్చాను. టీవీ పెట్టె ఆపాను, అంకె పరుగు ఆగలేదు. టాబ్లెట్, నా ఫోను ఆపినా ఆగలేదు. ఆ పేరులేనిదాన్ని ఆపాను. అంకె నిలిచిపోయింది. పచ్చదీపం కూడా నెమ్మదించింది. ఒళ్లు జలదరించింది రా. అదే సమయంలో మా పడకగదిలో, మా ఆవిడ తలగడ పక్కన, ఛార్జింగ్‌లో ఉన్న ఫోను తెర ఒక్కసారి వెలిగింది. వెళ్లి చూస్తే ఒక వరుస: "వైఫై కోసం వేచి ఉంది. 1 అంశం మిగిలి ఉంది."

ఫోటోలను దాచిపెట్టే యాప్ అది. ఆ మిగిలిన ఒక్క అంశం మా అమ్మాయి బడి నాటకం వీడియో. పోయిన నెల 12న తీసింది. అదే 12! అది మొదటిసారి వేదిక ఎక్కింది ఆ రోజే. మా ఆవిడ నలభై నిమిషాలు చెయ్యి దించకుండా, ఫోనులో ఉన్నంతలో మంచి నాణ్యతలో, 4కేలో తీసింది. నిమిషానికి 360 ఎంబీల చొప్పున 14 జీబీ పైనే తేలింది. మా అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 50 లక్షల బిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). ఆ వేగంతో గంటకు రెండుంపావు జీబీ వెళ్తుంది, కాబట్టి మొత్తం వెళ్లడానికి దాదాపు ఆరున్నర గంటలు కావాలి. ఆమె పదకొండింటికి ఛార్జింగ్ పెడుతుంది, తెల్లవారుజామున నాలుగున్నరకు తీసి పనికి బయలుదేరుతుంది. ఆ యాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే పంపేలా పెట్టి ఉంది. మధ్యలో తెగితే ఆ వీడియోను మళ్లీ మొదటి నుంచి పంపుతోంది. ఐదున్నర గంటల్లో 12 జీబీ దాటి వెళ్లేది, ఇంకో రెండు జీబీ ఉందనగా తెగిపోయేది. మళ్లీ రాత్రి మొదటి నుంచి. నెల రోజులు!

నాలుగున్నరకు ఆమె లేచే దాకా నేను నిద్రపోలేదు. చెబితే, "రోజూ చూస్తూనే ఉన్నాను, ఒకటి మిగిలింది అని. రేపటికి అయిపోతుందిలే అనుకున్నాను. ఫోను పోతే దాని మొదటి నాటకం మళ్లీ రాదు కదా" అంది. నాకు నోట మాట రాలేదు. నేను దొంగలను వెతుకుతున్నాను, ఆమె పిల్ల గొంతును దాచుకుంటోంది.

ఆ ఉదయమే వీడియోను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి ఒక బయటి డిస్కులోకి ఎక్కించాం. యాప్ వరుసలోంచి దాన్ని తీసేశాం. ఇకపై వీడియోలు 1080పీలోనే తీయాలని అనుకున్నాం, మాకు అది చాలు. ఆ రాత్రి అప్‌లోడ్ అర జీబీ కూడా లేదు. మిగిలిన 30 జీబీతో 16 రోజులు గడపాలి కాబట్టి ఇంట్లో వీడియోలు తక్కువ నాణ్యతలో చూస్తున్నాం. ఈ రోజు 28, ఇంకా 4 జీబీ ఉంది. గట్టెక్కేస్తాం.

మా అబ్బాయి గదికి కంప్యూటర్ నేనే మోసుకెళ్లి పెట్టాను. "నిన్ను అడగకుండానే తీర్పు చెప్పేశాను, తప్పు నాదే" అన్నాను. వాడు ఏమీ అనలేదు. కాసేపయ్యాక నా కాగితం తీసుకుని ఆ 32 బిట్ల లెక్క వేసి చూపించాడు. ఇంకో మూడు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. ఆ మూడు రోజులు తలచుకునే నిన్ను ఆదివారం ఆగమంటున్నాను.

ఇక నీ సంగతి. పోయిన ఉత్తరంలో గుమ్మం దగ్గర కెమెరా పెట్టించావని రాశావు. నా అనుమానం ముందు దాని మీదే. కదలిక ఉన్నప్పుడే పంపే కెమెరా అయితే ఫరవాలేదు. రోజంతా పంపేదైతే లెక్క వేసి చూడు: 1 ఎంబీపీఎస్ చొప్పున ఆగకుండా పంపితే రోజుకు 10.8 జీబీ, 30 రోజులకు 324 జీబీ. మా ప్లాను అంతా దానికే చాలదు! తర్వాత మీ టీవీకి తగిలించిన ఆ చిన్న పెట్టె. టీవీ ఆపితే పెట్టె కూడా ఆగుతుందన్న నమ్మకం లేదు, కొన్ని వెనకాల ఆడిస్తూనే ఉంటాయి. హెచ్‌డీ సినిమా గంటకు 3 జీబీ దాకా, 4కే అయితే 7 దాకా లాగుతుంది. రాత్రి ముందు సినిమాలోంచి బయటికి వచ్చి, ఆ తర్వాతే టీవీ ఆపు. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్లుంటే సెట్టింగుల్లో ఏ యాప్ వైఫై మీద ఎంత వాడిందో చాలావాటిలో కనిపిస్తుంది. ఐఫోన్‌లో అక్కడ మొబైల్ డేటా లెక్కే ఉంటుంది, వైఫైది ఉండదు. దాన్ని చూసి ఫోను తప్పు లేదని తేల్చుకోకు.

సంస్థ లెక్కకూ నీ కంప్యూటర్ లెక్కకూ ఇరవై జీబీ తేడా వస్తోందని, మోసం చేస్తున్నారని కూడా రాశావు. అది మోసం కాకపోవచ్చు. ఒకరు జీబీ అంటే వంద కోట్ల బైట్లంటారు, ఇంకొకరు 107 కోట్ల చిల్లర అంటారు. మొదటి లెక్కలో 300 అయినది రెండో లెక్కలో 279 అవుతుంది. నీ ఇరవై అక్కడే ఉంది.

పై అంతస్తు వాళ్ల మాటా తేలాలంటే ఒక రాత్రి ఇంట్లో ఉన్న పరికరాలన్నీ ఆపేయి, రౌటర్ మాత్రం వెలుగుతూ ఉండనీ. ఆపే ముందు ఒకసారి, లేచాక కంప్యూటర్ పెట్టి ఒకసారి, రౌటర్‌లో పంపిన బైట్లు, అందిన బైట్లు రెండూ రాసుకో. సంస్థ పేజీ కొన్ని గంటలు ఆలస్యంగా మారుతుంది, తొందరపడి దాన్ని నమ్మకు. అంకె పెద్దగా కదలకపోతే ఆ పిల్లల పాపం లేదు. అంకె తగ్గినట్టు కనిపిస్తే కంగారుపడక నాకు ఫోన్ చెయ్యి, మా అబ్బాయికి ఇస్తాను. మర్నాడు రాత్రి సగం పరికరాలు పెట్టి, సగం ఆపి చూడు.

శనివారం రాత్రి పదకొండింటికి మొదలుపెట్టు. నేను మేలుకునే ఉంటాను. పొద్దున నీ రెండు అంకెలూ నాకు పంపు.

నీ
స్నేహితుడు