బిల్లుకు ముందే ఎం.బుక్ చదివించండి

సంపాదకులకు,

ఊళ్లో సిమెంటు రోడ్డు అంచున ఆరంగుళాల మందం కనిపిస్తుంది. నడిమధ్య నాలుగుకి మించదు. పని కొలతలు రాసే ఎం.బుక్‌ (మెజర్‌మెంట్ బుక్)లో మాత్రం అంతా ఆరే. బిల్లయ్యాక సంగతి తెలిసి రెండు వర్గాలు కర్రలు పట్టుకుంటే, అప్పుడు శాంతి కమిటీ వేసి ఏం లాభం?

శంకుస్థాపనకు వచ్చే ఎమ్మెల్యే బిల్లుకు ముందు గ్రామసభకూ రావాలి. ఎం.బుక్ బిగ్గరగా చదివించాలి. రోడ్డు మధ్యలో మూడుచోట్ల కోర్ (రోడ్డు మందమంతా తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తీయించి, జనం ముందే టేపుతో కొలిపించాలి. పద్నాలుగు రోజులు నీళ్లు కట్టారో లేదో అడగాలి. ఇలా తడిపి ఉంచే క్యూరింగ్ లేని కాంక్రీటు మొదటి లారీలకే పగుళ్లిస్తుంది.

సమాచార హక్కు చట్టం, 2005 కింద ఎం.బుక్ నకలు 30 రోజుల్లో మేమూ అడిగి తీసుకోగలం. శాసనసభలో ప్రశ్న వేయడం, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికపై ప్రజాపద్దుల కమిటీలో అధికారులను నిలదీయడం మాత్రం మా చేతుల్లో లేవు.

– విశ్రాంత ఇంజినీరు, శ్రీకాకుళం